తాతయ్య యుద్ధకాలపు ఉత్తరాలు నలుగురికీ చూపించాలనుంది, సలహా చెప్పండి

మాది టెక్కలి దగ్గర పల్లె. 1971 యుద్ధంలో మా తాతయ్య తూర్పు వైపు ఉన్నారు. అప్పుడు నాయనమ్మకి రాసిన 23 ఉత్తరాలు ట్రంకుపెట్టెలో దొరికాయి. ఎక్కడి నుంచి రాశారో ఒక్కదాంట్లోనూ లేదు, ‘99 ఏపీఓ’ (సైన్యం తపాలా కార్యాలయం నంబరు) అని మాత్రమే. యుద్ధం మాట తక్కువ. జీడితోట కౌలు, ఆవు ఈనిందా, పిల్లకి అన్నప్రాశన ఎప్పుడు, ఇవే! డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయాక రాసినదాంట్లో మాత్రం "ఇంక భయపడకు, సంక్రాంతికి సెలవు అడుగుతాను" అని ఉంది.

2018 తిత్లీ తుపానుకి పెట్టెలోకి నీళ్లొచ్చి కొన్ని మడతలు అంటుకుపోయాయి. బలవంతంగా విప్పలేదు. జిరాక్సు షాపతను లామినేషన్ చేయించేయమంటున్నాడు, నాకు మనసొప్పలేదు (ఒకసారి చేస్తే మళ్లీ ఊడదు కదా). చిరక్కుండా విప్పడం ఎలా? ఫోన్‌తో ఫొటో తీస్తే సరిపోతుందా, స్కానరే కావాలా?

అసలు చిక్కు వేరే. వాటిలో అప్పుల గొడవలున్నాయి, మా పెదతాతని తిట్టిన తిట్లున్నాయి. చనిపోయిన తోటి జవాన్ల పేర్లు కూడా. వాళ్ల ఇంటివాళ్లని అడగకుండా పెట్టొచ్చా? నాయనమ్మేమో "పెట్టుకో గానీ, నన్ను ముద్దుగా పిలిచిన పేరు మాత్రం చెరిపేయ్" అంటోంది. ఇలాంటివి బయటపెట్టినవాళ్లెవరైనా ఉంటే ఏం దాచారో, ఏం ఉంచారో చెప్పండి.