ఆనర్ సొసైటీకి రూ. 8,000 కట్టమని మెయిల్ వచ్చింది, కట్టాలా?

బరంపురం_నాన్న:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇక్కడే ఒడిశా బరంపురంలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. సీజీపీఏ 8.7. మొన్న వాడికో మెయిల్ వచ్చింది. "మీరు అంతర్జాతీయ ఆనర్ సొసైటీకి ఎంపికయ్యారు, జీవిత సభ్యత్వానికి పది రోజుల్లో రూ. 8,000 కట్టండి" అని. పైన బంగారు రంగు ముద్ర, మూడు గ్రీకు అక్షరాలు. కాలేజీలో అడిగితే ఎవరికీ తెలీదట. విదేశాలకు అప్లై చేసేటప్పుడు పనికొస్తుందని వీడి ఆశ. కట్టమంటారా?

పాతబస్టాండ్_శ్రీను:
ముద్ర అంత మెరుస్తోందంటే మీ జేబు జాగ్రత్త అన్నా.

గంజాం_మాష్టారు:
కట్టండి. పిల్లవాడి కష్టానికి అదొక గుర్తింపు. మేం ప్లస్ త్రీ (డిగ్రీ) చదివే రోజుల్లో ఆనర్స్ దొరకడమే గగనం. ఆనర్స్ వాణ్ణి ఒకలా, పాస్ కోర్సు వాణ్ణి ఇంకోలా చూసేవారు.

పర్లాకిమిడి_పద్మ:
మాష్టారూ, మీరు చెప్పేది ఆనర్స్ డిగ్రీ. ఇది వేరు. ఆనర్ సొసైటీ అంటే బాగా చదివేవాళ్ళని ఎన్నుకుని చేర్చుకునే సంఘం, అమెరికా కాలేజీల అలవాటు. మొదటిది ఫై బీటా కప్పా, 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది. ఇంజనీరింగ్ వాళ్ళకి టావ్ బీటా పై ఉంది, అది 1885లో లీహై యూనివర్సిటీలో మొదలైంది. వీటిలో మీ కాలేజీలోనే శాఖ ఉండాలి, ఆ శాఖ వాళ్ళే మిమ్మల్ని ఎన్నుకోవాలి. కాలేజీకే తెలియకుండా నేరుగా మెయిల్ వచ్చిందంటే నేనైతే పైసా కట్టను.

పాతబస్టాండ్_శ్రీను:
కప్పా?! మా వీధి కాలవలో బోలెడున్నాయి, జీవిత సభ్యత్వం ఫ్రీ.

గంజాం_మాష్టారు:
ఆనర్ అంటే గౌరవమే కదమ్మా, డిగ్రీ అయితేనేం సొసైటీ అయితేనేం. ఒకటి చెప్పండి. మీరన్న సొసైటీలు మార్కులు చూసి తీసుకుంటాయా లేదా?

పర్లాకిమిడి_పద్మ:
చూస్తాయి. టావ్ బీటా పై అయితే మూడో ఏడాది వాళ్ళలో పై ఎనిమిదో వంతు, ఆఖరి ఏడాది వాళ్ళలో పై ఐదో వంతు. ఆ పైన నడత కూడా చూస్తారు.

గంజాం_మాష్టారు:
చూశారా! కటాఫ్. నేను చెప్పిందీ అదే.

రాయగడ_రమేష్:
మాష్టారూ, కటాఫ్ సంగతి కాదు, ఆయన అడిగింది ఎనిమిది వేల సంగతి. మా తమ్ముడి అనుభవం చెప్తాను. రెండేళ్ళ కిందట ఇలాంటి మెయిలే వస్తే వాడు 6,500 కట్టాడు. అట్ట ఫోల్డర్‌లో సర్టిఫికెట్, కోటుకి పెట్టుకునే పిన్నొకటి వచ్చాయి. వాడికి కోటే లేదు. క్యాంపస్ ఇంటర్వ్యూలో ఆ సర్టిఫికెట్ చూసి "ఈ సొసైటీలో నువ్వేం చేశావు?" అని అడిగారట. వీడు నీళ్ళు నమిలాడు. ఏం చెప్తాడు, అందులో ఒక్క మనిషిని కలిసింది లేదు. పిన్ను ఇప్పుడు మా అమ్మ చీర కొంగుకి పెట్టుకుంటోంది.

గంజాం_మాష్టారు:
అది మీ తమ్ముడు సరిగ్గా జవాబు చెప్పుకోలేకపోవడం. సొసైటీ తప్పు కాదు.

గుణుపురం_కుర్రోడు:
ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం) స్టూడెంట్ బ్రాంచి మా కాలేజీలో ఉంది అంకుల్. దానికి కటాఫ్ లేదు, ఫీజు కట్టి ఎవరైనా చేరొచ్చు. కానీ మీటింగ్ అంటే ఫోటో దిగడమే. కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళు వచ్చే ముందు నెలలో మాత్రం ఆరు క్లబ్బులు పుట్టాయి.

పర్లాకిమిడి_పద్మ:
మాష్టారు కటాఫ్ దగ్గరే ఆగిపోయారు కాబట్టి ఇంకొకటి చెప్తాను. 1776లో ఫై బీటా కప్పా పెట్టిన కుర్రాళ్ళు ఐదుగురు చేరింది మార్కులు చూసి కాదు. రాలీ టావెర్న్ అనే పూటకూటి ఇంట్లో కూర్చుని వాదించుకోవడానికి. వ్యాసాలు చదువుకునేవారు, రహస్యంగా కలిసేవారు. ఆ మూడు అక్షరాలు ఒక గ్రీకు వాక్యంలోని మాటల మొదటి అక్షరాలే. జ్ఞానం మీద ప్రేమే బతుకు పడవకి చుక్కాని అని దాని అర్థం. మార్కుల లెక్క తర్వాతెప్పుడో వచ్చింది. మా ఊళ్ళో గిడుగు రామమూర్తి గారు సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నప్పుడు ఆయన్ని ఎవరు కటాఫ్ అడిగారు?

గంజాం_మాష్టారు:
గిడుగు వారు కోటికొకరు. తల్లీ, ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. మార్కులు రానివాళ్ళే మార్కులు వద్దంటారు.

పాతబస్టాండ్_శ్రీను:
అయిపోయింది. టీ పెట్టుకుని వస్తాను, అప్పటిదాకా కొట్టుకోకండి.

పర్లాకిమిడి_పద్మ:
అవునండీ, నాకు బీఎస్సీలో 56 శాతం. మా అమ్మ అప్పడాలు చేసి అమ్మేది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఒత్తేదాన్ని, కాలేజీకి వెళ్ళేసరికి చేతులకి ఇంకా ఇంగువ వాసన వచ్చేది. మా కాలేజీలో సైన్స్ క్లబ్బుకి 60 శాతం నియమం. సెమినార్ జరుగుతుంటే తలుపు దగ్గర నిలబడి విన్నాను. అయిపోయాక సంతకాల పుస్తకంలో పేరు రాయబోతే, "నువ్వు మెంబరువి కాదుగా" అని పుస్తకం లాగేసుకున్నారు. ఆ పేజీలో నా పేరు సగమే ఉంది.

ఆ తర్వాత మా హాస్టల్ అమ్మాయిలం నలుగురం రాత్రి భోజనాలయ్యాక మెస్‌లోనే కూర్చునేవాళ్ళం. ఒకే కెమిస్ట్రీ పుస్తకం, దాని నిండా డాల్మా (ఒడియా వాళ్ళ కూరగాయల పప్పు) మరకలు. మాలో ఒక ఒడియా అమ్మాయి రియాక్షన్లు ఒడియాలో చెప్పేది, నేను తెలుగులో మళ్ళీ చెప్పేదాన్ని, అప్పుడే నాకూ అర్థమయ్యేది. దానికి పేరూ లేదు, ముద్రా లేదు.

గంజాం_మాష్టారు:
(చాలాసేపటి తర్వాత రాస్తున్నాను.) ఆ మాట అనకుండా ఉండాల్సింది. అయినా నా గొడవ కూడా వినండి. 1987లో ఫిజిక్స్‌లో మా బ్యాచ్‌కి నేనే ఫస్ట్. డిపార్ట్‌మెంట్ సెమినార్ సెక్రటరీ పదవి నాకే వస్తుందనుకున్నాను. మా హెడ్డు నా వెనక ఉన్న కుర్రాడికిచ్చారు. కారణం అడిగితే, "నీ ఒడియాలో తెలుగు యాస, వేదిక మీద బాగోదు" అన్నారు. మార్కుకి యాస ఉండదమ్మా. ఈ ఊళ్ళో మన పిల్లల్ని ఇంకొకరి ఇష్టాయిష్టాలకి వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే కటాఫ్, కటాఫ్ అంటున్నాను.

రాయగడ_రమేష్:
ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే ఇన్ని పోస్టులు అయ్యేవి కావు కదా మాష్టారూ.

పర్లాకిమిడి_పద్మ:
మాష్టారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ మిమ్మల్ని యాస చూసి ఆపారు, నన్ను నాలుగు శాతం చూసి ఆపారు. నాకు రెండింటికీ తేడా ఏమీ కనపడటం లేదు.

గంజాం_మాష్టారు:
తేడా ఉంది. నాలుగు శాతం తర్వాతి పరీక్షలో తెచ్చుకోవచ్చు. యాస ఎక్కడ మార్చుకుంటాను?

పర్లాకిమిడి_పద్మ:
నాలుగింటికి అప్పడాలు ఒత్తేవాళ్ళు ఎప్పుడు తెచ్చుకుంటారు?

బరంపురం_నాన్న:
పెద్దలందరికీ ధన్యవాదాలు. గడువు నిన్న రాత్రితో అయిపోయింది, కట్టలేదు. మావాడు క్లాసులో ఐదుగుర్ని పోగేసి శనివారాలు కూర్చుందామంటున్నాడు. చేరాలంటే కనీసం ఎంత సీజీపీఏ పెట్టాలని వాళ్ళలో వాళ్ళకి తగువట.

గంజాం_మాష్టారు:
7 పెట్టమనండి.

పర్లాకిమిడి_పద్మ:
ఏమీ పెట్టొద్దు.

గంజాం_మాష్టారు:
6.5. అంతకి తగ్గితే నేనొప్పుకోను.

పాతబస్టాండ్_శ్రీను:
బరంపురం మార్కెట్లో వంకాయల బేరంలా ఉంది.

బరంపురం_నాన్న:
వాళ్ళు కూర్చోడానికి కాలేజీ వాళ్ళు గదే ఇంకా ఇవ్వలేదండీ. హెచ్‌ఓడీ సంతకం కావాలట, ఆయన సోమవారం దాకా లేరట.