సోయా గుళికలను నమ్మి అమ్మ స్టాటిన్ మానేస్తానంటోంది, ఏం చేయాలి?

మా అమ్మకు 61 ఏళ్లు. చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 172 రావడంతో డాక్టర్ దాన్ని తగ్గించే స్టాటిన్ మందు రాశారు. అమ్మ మాత్రం దాని బదులు బంధువులు తెచ్చిన సోయా ఐసోఫ్లేవోన్ గుళికలే వేసుకుంటానని పట్టుబట్టింది. యాంటీఆక్సిడెంట్ కాబట్టి రక్తనాళాలను కాపాడుతుందని ఆమె నమ్మకం. నాకు చాలా భయంగా ఉంది.

సోయాలో ఉండే జెనిస్టీన్, డైడ్జీన్ అనే ఐసోఫ్లేవోన్లు ప్రయోగశాలలో ఎల్‌డీఎల్ ఆక్సీకరణను అడ్డుకుంటాయని చదివాను. మనుషుల్లో మాత్రం అంత స్పష్టమైన ఫలితం కనబడలేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లో గుండెకు మేలని ఒప్పుకున్నది రోజుకు 25 గ్రాముల సోయా ప్రోటీన్ గురించి, గుళికల గురించి కాదు. ఆ అనుమతిని కూడా రద్దు చేయాలని 2017లో ప్రతిపాదించింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2006లోనే ఈ గుళికలను సిఫారసు చేయలేమని చెప్పింది. ఇవన్నీ చెప్పినా అమ్మ వినడం లేదు.

ఇంకో చిక్కు. అమ్మ రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. సోయా ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదట. రెండింటి మధ్య ఎన్ని గంటల ఎడం ఉండాలి? స్టాటిన్ వాడుతూనే మీల్‌మేకర్ కూర, సోయా పాలు తీసుకోవచ్చా? వైద్యులు, ఫార్మసిస్టులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఇలాంటి విషయం నచ్చజెప్పినవారు ఉంటే, ఎలా మొదలుపెట్టారో కూడా రాయండి. వచ్చే వారమే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.