మాడ్యూళ్లు విడిగా మంచిగనే ఉన్నయ్, కలిపితే ఈలలు

ప్రశ్న (హన్మకొండ)
అన్నా, 40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్) బ్యాండుకు హామ్ రేడియో సెట్టు కట్టిన: తరంగం పుట్టించే ఎస్‌ఐ5351 చిప్, దాన్ని నడిపే ఆర్డుయినో నానో, ఫ్రీక్వెన్సీ మార్చే రెండు ఎస్‌ఏ612 మిక్సర్లు, 9 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఫిల్టర్, చివర పవర్ పెంచే ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టర్. ఒక్కో బోర్డు పరీక్షిస్తే సరిగ్గనే ఉన్నది. కలిపినంక బ్యాండంతా ఈలలు. పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే మీట) నొక్కితే డిస్‌ప్లే ఆగిపోతున్నది. ఎక్కడ మొదలుపెట్టాలె?

జవాబు (కరీంనగర్)
తమ్మీ, ముందుగాల ఈలల సంగతి. ఎస్‌ఐ5351 ఇచ్చేది చదరపు తరంగం, దాదాపు 3 వోల్టులు. ఎస్‌ఏ612 ఆరో పిన్నుకు 200–300 మిల్లీవోల్టులు చాలు. ఎక్కువిస్తే మిక్సర్ అక్కరలేని తరంగాలన్నీ పుట్టిస్తది. వరుసలో 1 కిలోఓమ్, గ్రౌండుకు 100 ఓమ్‌లు పెట్టి, 10 నానోఫారడ్ మీదుగా ఇయ్యి. సప్లయి 8 వోల్టులు దాటనియ్యకు, 78ఎల్06 (6 వోల్టుల రెగ్యులేటర్) పెట్టు. బోర్డుల మధ్య మామూలు వైరు వద్దు. ఆర్‌జీ174 కోయాక్స్ (నడుమ తీగ, చుట్టూ లోహపు జాలీ ఉన్న కేబుల్) వాడి, ఆ జాలీని రెండు చివర్లా గ్రౌండుకు టంకం చెయ్యి.

జవాబు (మంచిర్యాల)
డిస్‌ప్లే ఆగేది ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల కరెంటు) నానోలకు పోయి. యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను వేడిగా మింగే రెసిస్టర్) పెట్టి చూడు: 2 వాట్ల 1 కిలోఓమ్ కార్బన్ రెసిస్టర్లు 20 సమాంతరంగా కలిపితే 50 ఓమ్‌లు. వైర్‌వౌండ్ రకం పనికిరాదు, దానికి ఇండక్టెన్స్ ఉంటది. ఇంకోటి, ఐఆర్‌ఎఫ్510 వెనక రేకు డ్రెయినే (సప్లయి వోల్టేజి ఉండే కాలు). కరెంటు పారనియ్యని మైకా రేకు లేకుండా హీట్‌సింక్‌కు బిగిస్తే, అది ఛాసిస్‌కు తాకంగనే షార్ట్. బయాస్ (ఐఆర్‌ఎఫ్510 గేటుకు ఇచ్చే వోల్టేజి) సున్నా నుంచి మెల్లగ పెంచు.

ప్రశ్న వేసినవారు
డమ్మీ మీద ఆగుతలేదు. యాంటెన్నా పెడితేనే.

జవాబు (మంచిర్యాల)
అయితే ఆర్‌ఎఫ్ కోయాక్స్ పైపొర మీద ఇంట్లకు తిరిగొస్తున్నది. డైపోల్ (రెండు తీగల యాంటెన్నా) నడుమ, కోయాక్స్ కలిసే కాడ ఎఫ్‌టీ240-43 టొరాయిడ్ (ఫెర్రైట్ రింగు) మీద అదే కోయాక్స్ 10–12 చుట్లు వెయ్యి. నానో సప్లయి కాళ్ల కాడనే 0.1 మైక్రోఫారడ్ పెట్టు, దూరం పెడితే లాభం లేదు.