పేదల ఇళ్లు: పట్టా ఇవ్వాలా, చౌక అద్దెకివ్వాలా?

బోరబండ అద్దెదారు:
మా నాన్న సెంట్రింగ్ పని చేస్తాడు. హైదరాబాద్‌లో నలుగురం ఒక్క గదిలో ఉంటున్నాం. అద్దె 6,500, కరెంటు వేరే. తెలంగాణ సర్కారు ఇందిరమ్మ ఇళ్ల జాబితాలో మాది ఎల్‌2. అంటే ఇల్లూ లేదు, జాగా కూడా లేదు. సొంత జాగా ఉన్న ఎల్‌1 వాళ్లకు కట్టుకోవడానికి 5 లక్షలిస్తున్నారు, మంచిదే. కానీ జాగా లేనివాడికి ఈ రోజు కావాల్సింది నెలకు రెండు మూడు వేలల్లో తలదాచుకునే ఇల్లు. సర్కారు లాటరీలో ఒకరికి ఫ్లాటు దక్కితే మిగతావాళ్లు మళ్లీ ఎదురుచూడాల్సిందే. అదే ఇల్లు సర్కారు చేతిలో ఉండి చౌకగా అద్దెకిస్తే ఒకరు ఖాళీ చేయగానే ఇంకొకరు వస్తారు. 2020 జులైలో కేంద్రం తెచ్చిన అద్దె ఇళ్ల పథకం ఉద్దేశం ఇదే: ఖాళీగా పడి ఉన్న సర్కారు ఇళ్లను 25 ఏళ్లపాటు అద్దెకు నడపడం. 2024లో వచ్చిన కేంద్ర పట్టణ ఇళ్ల పథకం పీఎం ఆవాస్ అర్బన్ 2.0లోనూ అద్దె ఇళ్లు ఒక విభాగం. మన దగ్గర దీని మీద గట్టిగా అడిగేవాళ్లే కనబడరు. మీరేమంటారు?

మేడ్చల్ పంతులమ్మ:
నేను ఒప్పుకోను తమ్ముడూ. అద్దె ఇంట్లో మనిషికి ధీమా ఉండదు. మా అమ్మ పదకొండు ఇళ్లు మారింది. ప్రతిసారీ బియ్యం డబ్బా, దేవుడి పటాలు, మా పుస్తకాలు ఆటోలో వేసుకుని పోయేవాళ్లం. సర్కారు కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇల్లు ఆడవాళ్ల పేరు మీద ఇస్తారు. తాగొచ్చిన మొగుడు బయటికి గెంటలేడు. ఆ ఒక్క కాగితం విలువ తెలిసినవాళ్లం మేము. సర్కారే ఓనరైతే మాత్రం? రేపు వచ్చే సర్కారు అద్దె పెంచితే ఎవరినడుగుతాం?

ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) అవతల కాలనీవాసి:
అక్కా, మీ మాట నిజం. కానీ మా సంగతి వినండి. మా అత్తమ్మకు లాటరీలో ఇల్లు వచ్చింది. 560 చదరపు అడుగులు, వెలుతురూ గాలీ బాగుంటాయి. ఆమె పాచిపని చేసే ఇళ్లు మాత్రం సిటీ నడుమ ఉన్నాయి. తెల్లారి ఆరింటికి మొదటి ఇంట్లో గిన్నెలు తోమాలి. రెండు బస్సులు మారి పోయేసరికి ఏడున్నర. మూడు ఇళ్లవాళ్లు మానేయమన్నారు. ఇప్పుడు అత్తమ్మ పాత బస్తీలో పాత గదికే అద్దె కడుతోంది, సొంతింటికి తాళం. మా బ్లాకులో ఇలా తాళాలున్న తలుపులు ఇంకా ఉన్నాయి. అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అన్న షరతు ఉంది కాబట్టి భయపడి ఎవరికీ ఇవ్వట్లేదు. కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు కట్టారు. అంత పెద్ద కాలనీ పనికి దూరంగా పెడితే పట్టా అయినా అద్దె అయినా ఒకటే. ఇంకోటి, లిఫ్టు. మాది ఏడో అంతస్తు. లిఫ్టు ఆగిన వారం నీళ్ల క్యాను ఒక్కో అంతస్తులో కింద పెట్టి ఆగుతూ మెట్ల మీద పైకి మోశాను. మెయింటెనెన్స్ డబ్బులు సగం మంది ఇవ్వరు. అద్దె వసూలు చేసే సంస్థ ఉంటే బాగుచేసే బాధ్యత దానిది అవుతుంది. ఆ లెక్కన అద్దె వైపే మొగ్గుతాను.

మేడ్చల్ పంతులమ్మ:
లిఫ్టు సంగతి ఒప్పుకుంటున్నా. అయితే అద్దె ఎంత ఉండాలో చట్టంలో రాయాలి, ఖాళీ చేయించాలంటే కోర్టు దాకా పోవాలి. అది లేకుండా మాత్రం వద్దు.

బోరబండ అద్దెదారు:
అక్కా, అందులో మీతోనే ఉన్నాను. నాకు అసలు భయం దరఖాస్తు దగ్గరే. మా ఆధార్‌లో ఊరి అడ్రసే ఉంది. ఇక్కడి అడ్రస్‌కు మార్చమంటే అద్దె అగ్రిమెంటు అడిగారు, ఓనర్ రాసివ్వనంటాడు. కరెంటు మీటరు ఆయన పేరు మీదే. ఆదాయ ధ్రువపత్రానికి మీసేవకు పోతే మళ్లీ అడ్రసే అడిగారు. అద్దె ఇల్లు ఎవరికోసమైతే కడతారో, అద్దెకున్నట్టు కాగితం చూపలేనిది వాళ్లే. మేస్త్రీ రాసిచ్చిన పని చీటీ, పిల్లల బడి బోనఫైడ్ సర్టిఫికెట్ లాంటివి రుజువుగా తీసుకోవాలని నా కోరిక. మా చెల్లి బోనఫైడ్‌లో బోరబండ అనే ఉంది. మూడేళ్లుగా ఇక్కడున్నామని చెప్పే కాగితం మా ఇంట్లో అదొక్కటే.