జర్మనీ నుంచి వచ్చాక మా ఇంట్లో ఆ గ్లాసు కనబడింది

చీమకుర్తి కుర్రాడు:
మాది చీమకుర్తి. నాన్నకు చిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. నేను మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ చదువుతూ, ఖర్చులకు ఒక హోటల్లో అంట్లు తోమాను. పక్కన తోమే జర్మన్ పెద్దాయనకూ నాకూ ఒకటే కూలి, 2025 కనీస వేతనం, గంటకు 12.82 యూరోలు. మొదటి రోజు నేను పళ్లెం పట్టుకుని వెనక గదిలోకి పోతుంటే ఓనరమ్మే పిలిచి తన బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

సెలవులకు ఇంటికొచ్చాను. మా ఇంట్లో పనిచేసే అత్త గూట్లోంచి తన స్టీలు గ్లాసు తీసుకుని, పెరటి మెట్ల మీద కూర్చుని టీ తాగుతోంది. నా చిన్నప్పటి నుంచీ అదే గ్లాసు, అవే మెట్లు. ఇన్నేళ్లూ నాకు కనబడనే లేదు! యూనిట్‌కి వెళ్తే ఒడిశా కుర్రాళ్లు ముక్కుకు తువ్వాలు కట్టుకుని రాతి దుమ్ములో పనిచేస్తున్నారు. నాన్నతో అంటే, "ఆ దుమ్ము డబ్బుతోనే కదరా నువ్వు వెళ్లింది" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. విదేశాల్లో చదివొచ్చిన మీరు ఇలాంటివి ఇంట్లో ఎలా మాట్లాడారు?

టంగుటూరు పొగాకు రైతుబిడ్డ:
తమ్ముడూ, మీ నాన్న మాటలో నిజముంది. జర్మనీలో ఫీజు లేదంటాం గానీ, వీసాకి, అక్కడి ఖర్చులకు ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపించాలి, అంటే 10 లక్షల పైమాటే. మాకు పొలం, పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉన్నాయి కాబట్టి బ్యాంకు లోన్ ఇచ్చింది. నాకంటే బాగా చదివే నా ఫ్రెండ్‌కి తాకట్టు పెట్టడానికేమీ లేదు. వాడిప్పుడు ఒంగోలులో సెల్‌ఫోన్ షాపులో ఉన్నాడు. నేను ముందు చూసిన తేడా అదే.

కావలి అమ్మాయి:
ఏ దేశం వెళ్లామన్నది కూడా ఉంటుంది. నేను చదివింది టెక్సాస్‌లో. అక్కడ కనీస వేతనం 7.25 డాలర్లు, 2009 నుంచి పెరగలేదు. నాతో స్టోర్‌లో పనిచేసిన ఆవిడ ఇన్సూరెన్స్ లేక, పన్ను నొప్పికి మాత్రలు మింగి డ్యూటీకొచ్చేది. మా రూమ్మేట్స్ మాత్రం "కష్టపడితే ఎవరైనా పైకొస్తారు" అనేవాళ్లు. ఆవిడకంటే కష్టపడేవాళ్లను నేను చూడలేదు.
ఇంట్లో నేను వాదించలేదు. పొద్దున్నే నేనే టీ పెట్టి, అందరికీ ఒకే సెట్ కప్పుల్లో ఇచ్చాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత అలవాటైపోయింది.

చీమకుర్తి కుర్రాడు:
థ్యాంక్స్ అక్కా, అన్నా. నిన్న నాన్నను ఒంగోలు తీసుకెళ్లి యూనిట్‌కి మంచి మాస్కులు కొనిపించాను. రేపు పొద్దున టీ నేను పెడతాను.