సమస్యాపూరణం: తీగ దెగినంతఁ బాటలు తీయనయ్యె

నిర్వాహకుడు: కంప్యూటర్ ఆడియోను సౌండ్ సిస్టమ్‌కు కలిపే వేళ అనుకొని పూరించండి. ఛందస్సు తేటగీతి.

తంత్రి:
రాగితీగలో హమ్మింగు రాగమాయె
దానిఁ దీసి కాంతి నడుచు దారి వేసి
యాప్టికలు కేబులునుఁ బెట్ట నంతలోనె
తీగ దెగినంతఁ బాటలు తీయనయ్యె

నిర్వాహకుడు: బాగుంది. ల్యాప్‌టాప్ చార్జర్, యాంప్లిఫయర్ రెండూ ఎర్త్‌కు కలిసి ఉంటే ఆడియో తీగతో కలిసి ఒక చుట్టు ఏర్పడుతుంది. కరెంటు సరఫరాలోని 50 లేదా 60 హెర్ట్జ్ గుయ్‌మనే మోత దాంట్లోంచే దూరుతుంది. ఆప్టికల్‌లో వెళ్లేది కాంతే కాబట్టి ఆ చుట్టు తెగిపోతుంది. ఒక్క మాట, పద్యం చదివి ఎవరూ చార్జర్ ఎర్త్ పిన్ను విరవకండి, షాక్ కొడుతుంది. ఆప్టికల్ సాకెట్ లేకపోతే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (తీగకు తీగ తగలనీయకుండా పాటను మాత్రం దాటించేది) ఉన్న చిన్న డబ్బా చాలు.

కొత్తకలం:
జాకులోఁ బిన్ను వదులయి జారుచుండ
నెంత పెంచిన బురబుర సద్దు వచ్చె
విసిగి బ్లూటూతుఁ గలిపితి వేగిరముగ
తీగ దెగినంతఁ బాటలు తీయనయ్యె

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి తప్పింది. ‘బురబుర యెక్కువయ్యె’ అంటే సరి. బ్లూటూత్‌తో పాటలకు ఇబ్బంది లేదు గానీ, సినిమా చూస్తే పెదవుల వెనకాల మాట వస్తుంది. అయినా మీరు తీగ పీకేశారు, తెంపలేదు!

శ్రుతిలయ:
గాయకుని గొంతు రెండింటఁ గలదు సమము
ఎడమలోఁ గుడి పోవఁగ నెగిరెఁ బలుకు
వాని గొంతేమొ కఠినము, వాద్యమింపు
తీగ దెగినంతఁ బాటలు తీయనయ్యె

3.5 మిల్లీమీటర్ల ప్లగ్గులో కొస ఎడమ, మధ్య రింగు కుడి, మొదలు గ్రౌండ్, అంటే ఆ రెండింటికీ ఉమ్మడి తిరుగుదారి. ఆ గ్రౌండ్ తీగ తెగితే ఎడమ కుడుల తేడా మాత్రమే వినిపిస్తుంది. నడిమధ్యన ఉండే గాయకుడు మాయం.

తంత్రి: అద్భుతం! నాకన్నా మీదే మెరుగు.

నిర్వాహకుడు: ఊహ గొప్పది, కానీ అది హెడ్‌ఫోన్లలోనే. యాంప్లిఫయర్‌కు వెళ్లే తీగలో గ్రౌండ్ తెగితే వాద్యాలు కాదు, చెవులు చిల్లులు పడే మోత వస్తుంది.

శ్రుతిలయ: స్టీరియో ప్లగ్గును ఆడియో మిక్సర్‌లో బ్యాలెన్స్‌డ్ మోనో సాకెట్‌కు (రెండు తీగల తేడాను ఒకే శబ్దంగా తీసుకునేది) పెట్టినా గొంతు పోతుంది కదండీ?

నిర్వాహకుడు: పోతుంది, ఆ సాకెట్ కొసలోని శబ్దంలోంచి రింగులోని శబ్దాన్ని తీసేస్తుంది కాబట్టి. కానీ అక్కడ తీగ తెగలేదే!

శ్రుతిలయ: సరే, మూడో పాదం మారుస్తున్నాను: ‘హెడ్డుఫోనున వాద్యమే యింపు గొలిపె’. హె, యిం యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుంది.