అచ్చులో లేని పాత పుస్తకంలోంచి కొన్ని పేజీలు పెట్టొచ్చా?

నా దగ్గర గోదావరి జిల్లాల చేనేత గురించి 1958లో అచ్చయిన ఒక చిన్న పుస్తకం ఉంది. మళ్లీ అచ్చు పడలేదు. కాగితం ముట్టుకుంటే పెళుసుగా విరుగుతోంది. అద్దకం రంగుల మీద రాసిన అధ్యాయంలోంచి కొన్ని పేరాలు, నా వ్యాఖ్యతో కలిపి ఫేస్‌బుక్‌లో పెట్టాలని ఉంది.

రచయిత 1971లో పోయారు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క, అంటే 2031 చివరి దాకా హక్కులున్నట్టే. పుస్తకం దొరకనంత మాత్రాన హక్కు పోదని అర్థమైంది. విమర్శ, సమీక్ష కోసం కొంత భాగం వాడుకోవడానికి 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ఎంత భాగమో మాత్రం అంకె లేదు. "పది శాతం దాకా ఫర్వాలేదు" అని అందరూ ధైర్యం చెబుతారు గానీ, ఆ మాట చట్టంలో నాకు కనిపించలేదు.

పేరాలు టైపు చేయడానికి, పేజీ ఫొటో తీసి పెట్టడానికి తేడా ఉంటుందా? లోపలి బొమ్మల కింద పొడి అక్షరాలే ఉన్నాయి, చిత్రకారుడెవరో తెలీదు. వాటికి 60 ఏళ్లు ప్రచురణ నుంచి లెక్కపెట్టాలా?

ప్రచురణ సంస్థ ఎప్పుడో మూతపడింది, వారసుల ఆచూకీ లేదు. ఇలాంటి వాటికి 31ఎ సెక్షన్ కింద లైసెన్సు అడగొచ్చంటారు. నాలుగు పేరాల కోసం అంత తతంగం అవసరమా? అనుభవమున్నవాళ్లు ఎవరైనా చెప్పండి.